గడువు దాటిన బిల్లుకు లేట్ ఫీజు ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్‌గా ఇలస్ట్రేషన్, లేఅవుట్ డిజైన్ పనులు చేస్తాను. చాలాకాలంగా పని ఇస్తున్న ఒక క్లయింట్‌కు బిల్లు పంపి రెండు నెలలు దాటింది. 30 రోజుల్లో చెల్లించాలని బిల్లు మీద ఉంది. మెయిల్ పెట్టినప్పుడల్లా "ఈ వారం చూస్తాం" అంటారు. చివరికి విసిగిపోయి, అదే బిల్లు అడుగున "2 శాతం లేట్ ఫీజు" అని కలిపి మళ్లీ పంపాను. "ఇంతకుముందు ఎప్పుడూ లేదు కదా, మాకు చెప్పకుండా ఎలా వేస్తారు?" అని ఘాటుగా జవాబు వచ్చింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నాకొచ్చే పనిలో దాదాపు సగం వాళ్లదే. ఫీజు వెనక్కి తీసుకోవాలా, పట్టుబట్టాలా? అసలు మనలాంటివాళ్లు లేట్ ఫీజు అడగొచ్చా? మిగతా క్లయింట్ల బిల్లుల మీద కూడా ఆ లైన్ పెట్టాను, అది ఉంచాలా తీసేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగొచ్చు. అందులో తప్పేమీ లేదు. చేసిన పనికి డబ్బు ఆలస్యమైతే ఆ భారం మోసేది మీరు. మీ అద్దె, మీ సాఫ్ట్‌వేర్ చందాలు, మీ ఇంటి ఖర్చులు ఆ క్లయింట్ కోసం ఆగవు. రెండు నెలలు ఆగడమంటే, వడ్డీ లేకుండా వాళ్లకు అప్పు ఇచ్చినట్టే. కాబట్టి అడిగినందుకు మీరు సిగ్గుపడాల్సిన పనిలేదు.

కానీ మీరు అడిగిన సమయం సరిగ్గా లేదు. ఈ ఒక్క బిల్లు మీద ఆ 2 శాతాన్ని వదిలేయమనే నా సలహా. క్లయింట్‌కు కోపం వచ్చిందని కాదు, దాన్ని నిలబెట్టుకోవడానికి కావలసిన ఆధారం ఈసారి మీ దగ్గర లేదని. లేట్ ఫీజు అనేది ఇద్దరూ ఒప్పుకున్న షరతు. పని మొదలుపెట్టకముందే అవతలివాళ్లకు తెలియాలి, వాళ్లు సరే అనాలి. బిల్లు అనేది పని అయ్యాక మీరొక్కరే రాసి పంపే కాగితం. దాని అడుగున కొత్తగా ఒక లైన్ చేర్చినంత మాత్రాన అది ఒప్పందంలో భాగం అయిపోదు. "మాకు చెప్పలేదు కదా" అన్న వాళ్ల మాటకు అందుకే బలం ఉంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీరు "2 శాతం" అని మాత్రమే రాశారు. నెలకు రెండా, ఏడాదికా, లేక బిల్లు మొత్తం మీద ఒక్కసారేనా? ఏ రోజు నుంచి లెక్క? చదివేవాళ్లు వాళ్లకు అనుకూలమైన అర్థమే తీసుకుంటారు.

అయితే ఊరికే వదిలేయకండి. వదులుకుంటున్నందుకు బదులుగా ఒక తేదీ తీసుకోండి. ఇలా రాయొచ్చు: "లేట్ ఫీజు గురించి ముందుగా మాట్లాడుకోలేదన్న మీ మాట నిజమే. ఈ బిల్లు వరకు దాన్ని తీసేస్తున్నాను. సవరించిన బిల్లు జతచేశాను. ఈ మొత్తం మీ దగ్గర పెండింగ్‌లో ఉందని, ఫలానా తేదీలోగా చెల్లిస్తారని ఒక్క లైన్ రాసి పంపగలరా? కొత్త పనులకు షరతులు విడిగా పంపుతాను." ఫీజు తీసేశారు కాబట్టి వాళ్లు అభ్యంతరం చెప్పడానికి ఇంక ఏమీ మిగలదు. మాట్లాడాల్సింది అసలు మొత్తం గురించే.

ఆ "ఒక్క లైన్" విలువ చాలామందికి తెలియదు. బకాయి ఉందని అవతలివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, రేపు "పనిలో లోపాలున్నాయి, అందుకే ఆపాం" అని కొత్త కథ చెప్పడం కష్టం. పైగా కోర్టుకు వెళ్లడానికి ఒక కాలపరిమితి ఉంటుంది. భారత్‌లో ఇలాంటి బకాయిలకు సాధారణంగా మూడేళ్లు, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు. ఆ గడువు ముగియకముందే బాకీని సంతకంతో రాసి ఒప్పుకుంటే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. అంతదూరం వెళ్లాల్సిన అవసరం మీకు రాకపోవచ్చు. అయినా ఆ మెయిల్ జాగ్రత్తగా దాచిపెట్టుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మినహాయింపు చెప్పాలి. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోయినా చట్టమే వడ్డీ ఇప్పించే చోట్లు ఉన్నాయి. మీరెక్కడ ఉంటారో, మీ క్లయింట్ ఎక్కడివాళ్లో మీరు రాయలేదు కాబట్టి నాకు తెలిసినవి చెబుతాను.

బ్రిటన్‌లో 1998 నాటి లేట్ పేమెంట్ చట్టం ఉంది. ఒక వ్యాపారం మరో వ్యాపారానికి ఇవ్వాల్సిన డబ్బు ఆలస్యమైతే, ఒప్పందంలో వేరే రేటు లేకపోతే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటుకు పైన 8 శాతం ఏడాది వడ్డీ అడిగే హక్కు ఉంటుంది. దానితోపాటు వసూలు ఖర్చు కింద బకాయి పరిమాణాన్ని బట్టి 40, 70 లేదా 100 పౌండ్లు కూడా అడగొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి ఆదేశం దాదాపు ఇలాంటిదే. అక్కడ యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటుకు కనీసం 8 శాతం కలుపుతారు, వసూలు ఖర్చుకు కనీసం 40 యూరోలు. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం అమల్లో ఉంది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. అందులో తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి. ఎగ్గొడితే రెట్టింపు వరకు ఇప్పించే వీలుంది. 2024లో న్యూయార్క్ రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం వచ్చింది.

భారత్‌లో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల కోసం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఉంది. ఫ్రీలాన్సర్లలో చాలామంది అది ఫ్యాక్టరీల కోసమని అనుకుంటారు. సేవలు అందించేవాళ్లకూ అది వర్తిస్తుంది. అలాంటి సంస్థల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, కొనుగోలుదారు మీ పనిని అంగీకరించిన రోజు నుంచి ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా కలిపే చక్రవడ్డీ. ఆ వడ్డీని క్లయింట్ తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపడానికి వీల్లేదు. దీనికి తోడు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, గడువులోగా చెల్లించని బిల్లును కూడా ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు. నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ ముక్క కంపెనీల అకౌంట్స్ విభాగాలకు బాగా తెలుసు. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబర్ కనిపిస్తే వాళ్లు మీ బిల్లును చూసే తీరే మారుతుంది. కానీ నమోదు పని మొదలుపెట్టకముందే ఉండాలి. గొడవ వచ్చాక నమోదు చేసుకుని పాత బిల్లుకు వాడుకోవాలనుకోవద్దు.

మీ పని ఈ చట్టాల్లో ఏదో ఒకదాని కిందికి వస్తే, వడ్డీ అడిగే హక్కు మీకు ఇప్పటికే ఉందన్నమాట. అయినా ఈ బిల్లు విషయంలో అది మొదటి మెయిల్‌లో బయటకు తీయాల్సింది కాదు. మీరిచ్చే తేదీ కూడా దాటిపోతే అప్పుడు దాని పేరు చెప్పండి. అందుకే తీసేసేటప్పుడు "నేను వేసిన ఆ 2 శాతం తీసేస్తున్నాను" అని మాత్రమే రాయండి. "ఏ వడ్డీ అడగను" అని రాసివ్వకండి.

ఇప్పుడు ఆలస్యం సంగతి. రెండు నెలలుగా మీరు మెయిల్ పెడుతున్నది ఎవరికి? మీకు పని అప్పగించిన మనిషికే అయితే, ఆ మనిషి దగ్గర మీ డబ్బు లేదు. చాలా సంస్థల్లో పని చెప్పేవాళ్లు వేరు, డబ్బు పంపేవాళ్లు వేరు. పని చెప్పిన మనిషి "చూస్తాం" అన్నది మనస్ఫూర్తిగానే అయ్యుండొచ్చు, బిల్లు మాత్రం అకౌంట్స్ వాళ్ల దగ్గరకే చేరి ఉండకపోవచ్చు. పీఓ (పర్చేజ్ ఆర్డర్, అంటే పని ఇస్తూ వాళ్లు జారీచేసే ఆర్డరు) నంబర్ లేదనో, బ్యాంకు వివరాల్లో ఒక అంకె తప్పనో, వాళ్ల సిస్టమ్‌లో మీ పేరు వెండర్‌గా ఎక్కించలేదనో బిల్లు ఒక మూల ఆగిపోతుంది. ఎవరూ మీకు చెప్పరు. అందుకని ఈసారి "ఎప్పుడు ఇస్తారు?" అని కాకుండా "నా బిల్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఏమైనా కాగితం తక్కువైందా? పేమెంట్లు ఏ తేదీల్లో పంపుతారు?" అని అడగండి. ఒకసారి ఫోన్ చేసి అడగండి. మెయిల్‌ను పక్కన పెట్టడం తేలిక, ఫోన్‌లో మనిషికి ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది. ఫోన్‌లో విన్నదాన్ని వెంటనే మెయిల్‌లో రాసి పంపితే రికార్డు కూడా ఉంటుంది.

ఈ బిల్లు సంగతి అలా నడపండి. తర్వాతి పనికి మాత్రం షరతులు కొత్తగా రాసుకోవాలి. దీనికి పెద్ద అగ్రిమెంటే అక్కర్లేదు. పని ఒప్పుకుంటూ మీరు పంపే మెయిల్‌లో ఉన్నా చాలు, వాళ్లు "ఓకే" అని జవాబిచ్చాకే పని మొదలుపెట్టాలి. నేనైతే ఇలా రాస్తాను: "బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా చెల్లించాలి. చివరి తేదీ బిల్లు మీద ఉంటుంది. ఆ తేదీ దాటాక 7 రోజుల వరకు అదనంగా ఏమీ ఉండదు. అప్పటికీ చెల్లించకపోతే, చివరి తేదీ నుంచి చెల్లించే రోజు వరకు బకాయి మీద నెలకు 1.5 శాతం, అంటే ఏడాదికి 18 శాతం చొప్పున బారువడ్డీ రోజుల లెక్కన కలుస్తుంది. 30 రోజులకు మించి బకాయి ఉంటే కొత్త పని, జరుగుతున్న పని ఆగుతాయి. పని మీద వాడుకునే హక్కులు పూర్తి చెల్లింపు తర్వాతే బదిలీ అవుతాయి."

లెక్క ఎంత అవుతుందో చూడండి. బిల్లు 60,000 అనుకుందాం, 45 రోజులు ఆలస్యమైంది. 60,000 మీద ఏడాదికి 18 శాతం అంటే 10,800. దాన్ని 365తో భాగించి 45తో గుణిస్తే దాదాపు 1,332. మీకు ఇది పెద్ద ఆదాయం కాదు, వాళ్లకు పెద్ద శిక్షా కాదు. దీని ఉపయోగం వేరే చోట ఉంది. అకౌంట్స్‌లో కూర్చున్న మనిషి ముందు పది బిల్లులుంటే, ఆలస్యమైతే ఖర్చు పెరిగే బిల్లునూ పెరగని బిల్లునూ ఒకేలా చూడరు. ఖర్చు పెరిగిందంటే ఎందుకు పెరిగిందో పైవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి కాబట్టి, ఆ బిల్లు ముందుకు కదులుతుంది. మీకు కావలసింది ఆ 1,332 కాదు, 60,000 సమయానికి రావడం.

అందుకే రేటు భయపెట్టేలా ఉండాలని అనుకోకండి. నెలకు 5 శాతమో 10 శాతమో రాస్తే గట్టిగా కనిపిస్తుంది, కానీ నిలబడదు. నష్టానికి పొంతన లేని మొత్తాన్ని జరిమానాగా చూసి తగ్గించే అధికారం కోర్టులకు చాలా చోట్ల ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 74వ సెక్షన్ ప్రకారం, మీరు ఒప్పందంలో ఎంత రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే. ఇంగ్లండ్‌లోనూ కోర్టులు జరిమానాల్లాంటి షరతులను అమలు చేయవు. కొన్ని దేశాల్లో వడ్డీ రేటుకు పైపరిమితి కూడా ఉంటుంది. నెలకు 1 నుంచి 1.5 శాతం అడగడానికి మొహమాటం లేని రేటు, వాదించుకోవడానికి వీలైన రేటు. చక్రవడ్డీ వద్దు. లెక్క చెప్పడానికే ఒక మెయిల్ సరిపోదు.

చిన్న బిల్లులకు మాత్రం శాతాలు పనికిరావు. 8,000 మీద నెలకు 1.5 శాతమంటే 120. దానికోసం ఎవరూ కదలరు. అలాంటి పనులకు వడ్డీకి బదులు ఒక చిన్న స్థిరమైన మొత్తం రాసుకోండి, మీరు వెంటపడటానికి పెట్టే సమయానికి తగినంత. అంతకన్నా మేలైనది, చిన్న పనులకు మొత్తం డబ్బు ముందే తీసుకోవడం.

నిజానికి ఈ విషయంలో నా గట్టి అభిప్రాయం ఇదే: లేట్ ఫీజు కన్నా అడ్వాన్స్ మిన్న. పని మొదలుపెట్టేముందు 40 లేదా 50 శాతం, మధ్యలో ఒక దశ పూర్తయ్యాక కొంత, ఫైనల్ ఫైళ్లు ఇచ్చేముందు మిగతాది. ఇలా నడిస్తే ఆలస్యమయ్యేది చివరి ముక్క ఒక్కటే. ఫైనల్ ఫైళ్లు ఇంకా మీ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాళ్లకూ తొందర ఉంటుంది. డిజైన్ లాంటి పనుల్లో ఈ వెసులుబాటు బాగా ఉంది, మీరు దాన్ని వాడుకోవాలి. పెద్ద సంస్థలు కొన్ని అడ్వాన్స్ ఇవ్వవు, నిజమే. అలాంటి చోట లేట్ ఫీజు షరతుకు విలువ పెరుగుతుంది.

షరతు రాసుకున్నాక దాన్ని నడపడం ఇంకో పని. గడువుకు నాలుగైదు రోజుల ముందు ఒక చిన్న మెయిల్: "ఈ బిల్లు ఫలానా తేదీకి చెల్లించాలి, మీవైపు అన్నీ సరిగ్గా ఉన్నాయా?" గడువు దాటిన మర్నాడు మరొకటి, అందులో ఫీజు ఊసు వద్దు. 7 రోజుల వెసులుబాటు ముగిసేముందు, "ఎల్లుండి నుంచి ఒప్పుకున్న ప్రకారం వడ్డీ కలుస్తుంది, అంతలోగా పంపగలిగితే దాని అవసరం ఉండదు" అని రాయండి. చాలా బిల్లులు కదిలేది ఈ మెయిల్‌తోనే. నింద ఉండదు, ముందే ఒప్పుకున్న విషయాన్ని గుర్తుచేయడమే. అప్పటికీ రాకపోతే ఫీజుకు విడిగా ఒక బిల్లు తయారుచేయండి. అసలు బిల్లును మాత్రం తిరగరాయకండి. మీరు చేసిన తప్పుల్లో ఇదొకటి. ఒకసారి అంకె మారితే వాళ్ల సిస్టమ్‌లో అది కొత్త బిల్లు అవుతుంది, ఆమోదాలన్నీ మళ్లీ మొదటినుంచి తిరుగుతాయి. ఫీజు మీద వాదన వచ్చినా అసలు బిల్లు డబ్బు ఆగకూడదు, అందుకూ అవి విడిగా ఉండటమే మేలు. వడ్డీగా వచ్చిన డబ్బును మీ పన్ను లెక్కల్లో ఆదాయంగా చూపాలన్నది మర్చిపోకండి. భారత్‌లో జీఎస్టీ కడుతున్నవాళ్లయితే, ఆలస్యానికి తీసుకున్న వడ్డీ మీద కూడా అది చేతికందినప్పుడు జీఎస్టీ పడుతుంది.

మొదటిసారి ఆలస్యమైతే మాఫీ చేయొచ్చు. నేనైతే చేస్తాను, ముఖ్యంగా ఇన్నాళ్లు సక్రమంగా ఇచ్చినవాళ్లకు. కానీ మాఫీ చేసినట్టు రాసి చేయాలి: "ఒప్పందం ప్రకారం 1,332 అయింది. ఈసారికి వద్దు. ఇకమీదట వర్తిస్తుంది." నోరు మెదపకుండా వదిలేస్తే వాళ్లు గమనించనైనా గమనించరు. అలా ప్రతిసారీ వదిలేస్తూ పోతే ఆ షరతు కాగితం మీదే మిగులుతుంది, రేపు అమలు చేయబోతే "ఎప్పుడూ తీసుకోలేదు కదా" అన్న మాట మళ్లీ వినాల్సి వస్తుంది.

ఇక మీ అసలు భయం: పని పోతుందేమోనని. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. ఆదాయంలో సగం ఒకే చోట నుంచి వస్తున్నప్పుడు ఎవరికైనా ఉంటుంది. కానీ మీరు భయపడాల్సింది లేట్ ఫీజు గురించి కాదు, ఆ "సగం" గురించి. వాళ్ల ఒక్క బిల్లు ఆగితే మీ రెండు నెలలు తారుమారయ్యాయి. ఈ ఏడాదిలో ఆ వాటాను మూడో వంతుకు దించగలిగితే, ఇలాంటి మెయిల్ రాసేటప్పుడు మీ చేయి ఇంతగా వణకదు. అది ఈరోజే అయ్యేపని కాదు, అయినా ఈరోజే మొదలుపెట్టాల్సింది.

వాళ్లతో షరతుల గురించి మాట్లాడటానికి కూడా సమయం చూసుకోండి. పాత బకాయి గురించి వాదన నడుస్తుండగా కొత్త షరతులు పెడితే అది కక్షసాధింపులా కనిపిస్తుంది. ఈ బిల్లు డబ్బు చేతికొచ్చాక, వాళ్లు తర్వాతి పని గురించి అడిగినప్పుడు పంపండి. "ఇకమీదట క్లయింట్లందరికీ ఇవే షరతులు" అని చెప్పండి, నిజంగా అందరికీ అవే పెట్టండి. తమ ఒక్కరినే అనుమానించారని అనిపించనంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. "మా దగ్గర పేమెంట్‌కు 60 రోజులు పడుతుంది" అంటే అదీ వినండి. ఎప్పుడొస్తుందో తెలియని 30 రోజుల కన్నా, ఖాయంగా వచ్చే 60 రోజులు మీ లెక్కలకు నయం. కాకపోతే ఆ ఆలస్యాన్ని మీ ధరలో కలుపుకోండి, చట్టం 45 రోజులు దాటొద్దన్న చోట ఆ మాట కూడా గుర్తుచేయండి. లేట్ ఫీజు షరతుకు అస్సలు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ అడగండి. రెండింటికీ ఒప్పుకోని క్లయింట్‌కు, ఇప్పటికే ఒకసారి ఇలా జరిగాక, పెద్ద పనులు చేయొద్దనే అంటాను.

మిగతా క్లయింట్ల సంగతి అడిగారు. ఇప్పటికే పంపిన బిల్లుల మీద ఆ లైన్ ఉంటే ఉండనివ్వండి, దాన్ని తీసేయడానికి బిల్లులు మళ్లీ పంపొద్దు. ఎవరైనా అడిగితే "అది రాబోయే పనులకు" అని చెప్పండి. ఆ బిల్లుల మీద మాత్రం వసూలు చేయొద్దు. బిల్లు నమూనాలో ఆ "2 శాతం" చెరిపేసి, "చెల్లింపు షరతులు ఫలానా తేదీన ఒప్పుకున్న మెయిల్ ప్రకారం" అని రాసి, కింద చివరి తేదీని "30 రోజుల్లో" అని కాకుండా రోజు, నెల, సంవత్సరంతో పెద్ద అక్షరాల్లో పెట్టండి. మెయిల్‌లో ఇంకా షరతులు ఒప్పుకోని క్లయింట్ల బిల్లుల మీద చివరి తేదీ ఒక్కటి ఉంటే చాలు.